తిరిగితే చెడిపోతామా?

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో ఒక సామెత చెప్పి వెళ్ళారు. మగవాడు నాలుగూళ్ళు తిరిగితేనే లోకజ్ఞానం వస్తుందట. ఆడది గడప దాటితే మాత్రం ఉన్న జ్ఞానం కూడా పోతుందట! ఇప్పుడు ఈ సామెతను పైకి అనేవాళ్ళు తక్కువే. ఆడపిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, విమానాలు కూడా నడుపుతున్నారు. ఇంకా ఆ పాత మాటలెందుకు అనుకుంటాం. కానీ ఆడవాళ్ళకు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చిన దగ్గర్నుంచీ వింటున్న మాటలు చూస్తే, ఆ సామెత ఎక్కడికీ పోలేదని అర్థమవుతోంది. వేషం మార్చుకుందంతే.

"ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగడం లేదండీ, అందరూ బస్సుల్లోనే ఉన్నారు" అని ఒకాయన. "పనీ పాటా లేని వాళ్ళంతా ఎక్కేస్తున్నారు" అని ఇంకొకాయన. "కొత్తిమీర కట్ట కోసం కూడా పక్క ఊరు పోతున్నారట" అని మరొకరి హాస్యం. "ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారు" అనే మాట సరేసరి. ఇక సీటు కోసం ఇద్దరాడవాళ్ళు జుట్లు పట్టుకున్నారంటూ సెల్‌ఫోన్లలో వచ్చే వీడియోలకు లెక్కే లేదు. మగవాళ్ళు సీట్ల కోసం ఎప్పుడూ చొక్కాలు పట్టుకోలేదా? కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే విద్య ఎవరు కనిపెట్టారంటారు? అది మాత్రం ఎవరికీ వింతగా తోచలేదు.

నిజానికి ఇది మన దగ్గరే పుట్టిన వింత కాదు. ఢిల్లీలో 2019 అక్టోబరులో మొదలైంది. 2021లో పంజాబు, తమిళనాడు అందుకున్నాయి. కర్ణాటకలో 'శక్తి' పేరుతో 2023 జూన్ 11న, తెలంగాణలో 'మహాలక్ష్మి' కింద అదే ఏడాది డిసెంబరు 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' అని పేరు పెట్టి 2025 ఆగస్టు 15న ప్రారంభించారు. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రం సరిహద్దు లోపల ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఆ టికెట్ల లెక్క చూసి ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లించాలి. అంటే ఆ టికెట్టు ఊరికే చిరిగిపోయే కాగితం కాదు, దానికో ఖాతా ఉంది.

ఏ పార్టీ ఇచ్చింది, ఓట్ల కోసం ఇచ్చిందా, ఇంకెందుకైనా ఇచ్చిందా అన్నది మగవాళ్ళు అరుగుల మీద తేల్చుకుంటారు. అది వాళ్ళకే వదిలేద్దాం. నేను చెప్పదలచుకున్నది వేరు. మన ఇళ్ళల్లో బస్సు టికెట్టు అంటే టికెట్టు మాత్రమే కాదు. దానికి ముందు 'అడగడం' అనేదొకటి ఉంది.

ఇల్లు నడిపే ఆడదాని చేతిలో డబ్బే ఉండదని కాదు. పాలకు, కూరలకు, పిల్లల ఫీజులకు ఆమె చేతుల మీదుగా నెలకు వేలు వెళ్తాయి. వాటికి లెక్కుంది, ఖర్చు పెట్టినందుకు ఎవరూ ఏమీ అనరు. కానీ "మా అక్కను ఒకసారి చూసి రావాలనిపించింది" అన్నదాన్ని ఏ పద్దు కింద రాయాలి? అక్కడ అడగాలి. పోనూ రానూ అయ్యేది నూటఇరవై రూపాయలే కావచ్చు. ఇచ్చే ముందు వచ్చే ప్రశ్నలు మాత్రం నూటఇరవై! "ఇప్పుడెందుకూ? మొన్న పెళ్ళిలో కలిశారుగా? ఫోనులో మాట్లాడితే సరిపోదూ? మధ్యాహ్నం భోజనాల సంగతేమిటి? మళ్ళీ ఎప్పుడొస్తావు?" మొగుడు మంచివాడే. కొట్టడు, తిట్టడు. అయినా ఆ ప్రశ్నలన్నిటికీ సమాధానం చెప్పుకునే ఓపిక లేక 'సర్లే, ఇంకోసారి చూద్దాం' అనుకున్న ప్రయాణాలు మనలో ఎవరికి లేవు చెప్పండి?

మన అమ్మమ్మల కాలంలో ఆడదాని ప్రయాణాలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాపురానికి వెళ్ళడం, పురిటికి పుట్టింటికి రావడం, పెళ్ళిళ్ళు, పుష్కరాలు, ఎవరైనా పోతే పరామర్శ. అంతే. ప్రతి ప్రయాణానికీ ఒక గట్టి కారణం కావాలి. ఆ అలవాటు మనకూ వచ్చింది. ఊరికే వెళ్ళాలనిపించినా గుడి పేరో, ఆసుపత్రి పేరో చెప్పుకుని వెళ్తాం. దేవుడికి మొక్కిన మొక్కుల్లో సగం ఇల్లు కదలడానికి మొక్కినవేనేమో అని నాకు అనుమానం!

అందుకే పల్లెవెలుగు బస్సు ఎక్కినప్పుడల్లా చుట్టూ కూర్చున్న వాళ్ళతో మాట కలుపుతుంటాను. 'పనీ పాటా లేనివాళ్ళు' ఎవరో చూద్దామని. ఒకామె పల్లె నుంచి మా టౌనుకు వచ్చి నాలుగిళ్ళల్లో అంట్లు తోముతుంది. పోనూ రానూ రోజుకు యాభై రూపాయలు అయ్యేదట. నెలకు ఇరవయ్యారు రోజులు వేసుకున్నా 1,300 రూపాయలు. అంటే ఒక ఇంట్లో నెల పొడుగునా చేసిన చాకిరి బస్సుకే పోయేది. ఇప్పుడు ఆ డబ్బుతో కూతురికి ట్యూషను పెట్టించింది. తమిళనాడు ప్రణాళికా సంఘం అక్కడి ఆడవాళ్ళను అడిగి వేసిన లెక్కలో కూడా ఒక్కొక్కరికి నెలకు సగటున 888 రూపాయలు మిగిలినట్టు తేలింది. మనకు ఒక చీర ఖరీదు అనిపించొచ్చు. వాళ్ళ ఇంట్లో అది గ్యాసు బండ, పిల్లల పాలు.

ఇంకో అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఊళ్ళోనే ఉన్న కాలేజీలో తనకు కావలసిన గ్రూపు లేదు. ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉంది. అన్నయ్యకు బైకు కొనిచ్చి పంపారు గానీ, ఆ పిల్లకు "ఉన్నదేదో చదువు" అన్నారు. బస్సు ఖర్చు లేదనేసరికి ఇంట్లో వాళ్ళ దగ్గర అభ్యంతరం చెప్పడానికి పెద్ద కారణం లేకుండా పోయింది. ఇప్పుడు రోజూ వెళ్ళొస్తోంది.

ఒక డెబ్భై ఏళ్ళావిడ ఉంది. మోకాళ్ళు నొప్పులు. వారానికోసారి తన చెల్లెలి ఊరు వెళ్ళి, ఇద్దరూ కలిసి భోంచేసి, సాయంత్రానికి తిరిగొస్తుంది. "ముసల్దానికి షికార్లేమిటి" అని కొడుకు విసుక్కుంటాడట. "యాభై ఏళ్ళు ఆళ్ళకి వండి పెట్టానమ్మా, ఇప్పుడు నా చెల్లెలు నాకు వండి పెడతంది, నీకేమైనా నొప్పా అన్నాను" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విలువ ఏ ఖాతాలో రాస్తారో ఆర్టీసీ వారినే అడగాలి.

సరే, నిజంగానే పనేమీ లేకుండా తిరిగేవాళ్ళు కొందరు ఉన్నారనే అనుకుందాం. ఉంటే ఏం? ఊళ్ళో రచ్చబండ మీద పొద్దున్నుంచీ కూర్చునే వాళ్ళకు పనుందా? టీ కొట్టు దగ్గర ఒకే పేపరు నాలుగుసార్లు తిరగేసే వాళ్ళను 'ఎందుకు కూర్చున్నావ్' అని ఎవరైనా అడిగారా? బండి వేసుకుని 'అలా ఒక రౌండు వేసొస్తా' అంటే మగవాడికి అది గాలి మార్పు. ఆడది అలా ఒక రౌండు వేసి వస్తే మాత్రం బాధ్యత లేనితనం. నా దృష్టిలో ఊరికే తిరగడం కూడా మనిషికి కావలసిందే. కిటికీ పక్కన కూర్చుని పొలాలూ చెరువులూ చూస్తూ పోయే గంట ఇంట్లో ఎంత వెతికినా దొరకదు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఎవరో ఒకరు మంచినీళ్ళు అడుగుతారు!

ఇంత చెప్పానని ఇందులో ఇబ్బందులే లేవనడం లేదు. ఆటోవాళ్ళ సంగతి చూడండి. తెలంగాణలో పథకం మొదలవగానే 2023 డిసెంబరులోనే వాళ్ళు రోడ్డెక్కారు. మన ఊళ్ళల్లో అప్పు చేసి ఆటో కొనుక్కున్న కుర్రాడూ ఎవరో ఒక ఆడదాని కొడుకే, మొగుడే. ఒక ఇల్లాలికి మిగిలిన డబ్బు ఇంకో ఇల్లాలి గిన్నెలోంచి పోకూడదు. వాళ్ళకు ఏదో ఒక ఆసరా చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వాలదే. ఇక డబ్బిచ్చి టికెట్టు కొనుక్కున్న మగవాళ్ళు నిలబడి ప్రయాణం చేయాల్సి వస్తోందన్న మాటా నిజమే. దానికి మందు ఆడవాళ్ళను దించేయడం కాదు, బస్సులు పెంచడం. ఎక్కేవాళ్ళు పెరిగి బస్సులు పెరగకపోతే, ఉచితం కాస్తా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడే పిల్లలను చూస్తే గుండె గుభేలుమంటుంది. మీదపడే రద్దీలో ఆడపిల్లలు పడే అవస్థ ఇంకొకటి. అది చెప్పుకోలేక చాలామంది కాలేజీ మానుకునే ప్రమాదం కూడా ఉంది.

"మా పన్నులతో మీరు తిరుగుతున్నారు" అనే మాట కూడా వింటున్నాం. పన్నులు మనమూ కడుతున్నామండీ. సబ్బు బిళ్ళ కొన్నా, గ్యాసు బండ కొన్నా కట్టేది పన్నే. కోట్లు పోసి ఫ్లైఓవరు కడితే దానిమీద కార్లలో వెళ్ళేవాళ్ళను 'ఫ్రీ బాపతు' అని ఎవరూ వెక్కిరించరు. బస్సెక్కే బీద ఆడవాళ్ళనే ఎందుకు వెక్కిరించాలి?

ఇంకో సంగతి కూడా మనం మనలో మాట్లాడుకోవాలి. టికెట్టు ఉచితమైంది, బాగానే ఉంది. మరి టైము? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటి మీద పెట్టేది రోజుకు సగటున 289 నిమిషాలు. అదే మగవాళ్ళు 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటల జీతం లేని పని చేతిలో ఉంటే సున్నా టికెట్టు పట్టుకుని ఎంత దూరం వెళ్ళగలం? అందుకే సాయంత్రం నాలుగయ్యేసరికి బస్టాండులో ఆడవాళ్ళ ముఖాల్లో ఆ కంగారు. "పిల్లలు స్కూలు నుంచి వచ్చేస్తారు, మామగారికి కాఫీ పెట్టాలి, రాత్రికి కూర లేదు." పల్లెటూళ్ళకు ఆఖరి బస్సు చీకటి పడకుండానే వెళ్ళిపోతుంది. అది తప్పితే గతి లేదు. బస్టాండులో బాత్‌రూము శుభ్రంగా ఉండదని పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగకుండా ప్రయాణం చేసే ఆడవాళ్ళు ఎంతమందో! టికెట్టు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే సగం దారిలో దించేసినట్టే.

మిగిలిన సగం దారి ఇంట్లో ఉంది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను ఒక ప్రశ్న అడిగారు. బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటికి... ఈ మూడు చోట్లకీ మీరు ఒంటరిగా వెళ్ళే స్వేచ్ఛ ఉందా అని. దేశం మొత్తం మీద ఉందని చెప్పినవాళ్ళు నూటికి 42 మంది. అంటే సగానికి పైగా ఆడవాళ్ళకు ఈ మూడు చోట్లలో ఏదో ఒక చోటికైనా వెళ్ళాలంటే తోడు కావాలి, లేదా అనుమతి కావాలి. వాళ్ళకు బస్సు చార్జీ ఒక్కటే అడ్డు కాదు. ఆ మిగతా అడ్డు తీయడం ఏ ప్రభుత్వం చేతిలోనూ లేదు, మన చేతిలోనే ఉంది.

ముఖ్యంగా అత్తలమైన వాళ్ళం, కాబోయే వాళ్ళం గుర్తుపెట్టుకోవాలి. కోడలు బయటికి వెళ్తానంటే 'ఎందుకు?' అని అడిగే ముందు 'ఎన్నింటికి బస్సు?' అని అడుగుదాం. కొడుక్కి అన్నం వడ్డించుకు తినడం, కుక్కరు పెట్టడం చిన్నప్పుడే నేర్పుదాం. రేపు అతని భార్య ఊరెళ్తే ఇల్లు ఆకలితో మాడిపోకుండా ఉంటుంది. ఆడవాళ్ళమై ఉండి మనమే 'ఫ్రీ బస్సు బాపతు' అని ఇంకో ఆడదాన్ని చూసి నవ్వకుండా ఉందాం. కారున్న మనకు ఆ టికెట్టు అక్కర్లేకపోవచ్చు. అక్కర ఉన్నవాళ్ళ చేతిలో దాన్ని చిన్నబుచ్చకూడదు.

ఆర్టీసీ బస్సుల్లో లేడీస్ సీట్ల దగ్గర స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమని రాసి ఉంటుంది. చిన్నప్పుడు అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్న మాట. గౌరవం అంటే సీటు ఇవ్వడం ఒక్కటే కాదు, ఎక్కడికి, ఎందుకు అని నిలదీయకుండా ఉండడం కూడా.

తిరిగిన మగాడు చెడిపోనట్టే, తిరిగిన ఆడదీ చెడిపోదు. నాలుగు ముఖాలు చూస్తుంది, నాలుగు మాటలు వింటుంది, తన కష్టం తనొక్కదానిదే కాదని తెలుసుకుంటుంది. ఏదో ఒక రోజు మీరూ పని పెట్టుకోకుండా బస్సెక్కండి. ఎవరైనా ఎందుకు వెళ్తున్నావని అడిగితే గుడి పేరు చెప్పకండి. "ఊరికే" అనండి, చాలు.