నెత్తురులో వెళ్ళే వర్తమానం



కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో పౌలు కన్ను, చెవి, చెయ్యి, పాదం గురించి వ్రాశాడు. క్లోమం పేరు అక్కడ లేదు. జీర్ణకోశం వెనుక అడ్డంగా దాగివున్న ఈ అవయవం జానెడు కూడా ఉండదు. షుగరు వ్యాధి వలన ఇన్సులిన్ పేరు అందరికీ తెలిసింది గాని, ఇది రోజుకు సుమారు లీటరున్నర జీర్ణరసం తయారుచేస్తుందని ఎరిగినవారు తక్కువ.

రసం ఎప్పుడు విడువాలో దానికి ఎవరు చెబుతారు? నరాలే చెబుతాయని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ తలంచాడు. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క చిన్నప్రేగులో కొంత భాగానికి నరాలు తెంచి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం కారింది! ప్రేగు లోపొరను గీకి, ఆమ్లంతో నూరి, వడగట్టి రక్తనాళంలోకి ఎక్కించారు. మళ్ళీ కారింది. నరాల పని కొంత ఉన్నా, ఈ వర్తమానం నెత్తురులోనే వెళ్తున్నదన్నమాట. దానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. హార్మోను అనే మాటను స్టార్లింగే 1905లో వాడుకలోకి తెచ్చాడు.

అన్నం పులుపుతో కలిసి చిన్నప్రేగులోకి దిగగానే సెక్రిటిన్ బయలుదేరుతుంది. క్లోమం వంటసోడా వంటి క్షారం విడిచి ఆ పులుపును విరుస్తుంది. కొవ్వు, మాంసకృత్తులు తగిలితే కొలెసిస్టోకైనిన్ అనే మరో హార్మోను వస్తుంది. నోరు తిరగని పేరే! అది క్లోమం నుండి ఎంజైములను రప్పిస్తుంది, పిత్తాశయాన్ని పిండుతుంది. మాంసాన్ని అరిగించే ఎంజైములు నిద్రపోతూ వచ్చి ప్రేగులోనే మేల్కొంటాయి. ముందే మేల్కొంటే క్లోమాన్నే అరిగిస్తాయి.

కొందరిలో అదే జరుగుతుంది. పిత్తాశయంలోని రాయి జారి క్లోమనాళం దారికి అడ్డుపడడం ఒక కారణం, మద్యం మరో పెద్ద కారణం. పైకడుపులో మొదలై వీపులోకి ప్రాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు వస్తే గ్యాసు అని సోడా త్రాగించి పడుకోబెట్టే ఇండ్లు ఎన్నో! కొందరు నూనె రాసి ప్రార్థించి తెల్లవారేదాకా ఆగుతారు. ప్రార్థించండి, ఆటో ఎక్కించాక దారిలో ప్రార్థించండి. ఏమీ తినిపించకండి. ఆసుపత్రిలో రక్తపరీక్షతో, స్కానింగుతో సంగతి తెలుస్తుంది.

త్రాగుడు సంగతి దాచకండి. సంఘపెద్దగారి అబ్బాయి త్రాగుతాడని తెలిస్తే పరువు పోతుందనుకుంటే, పాస్టరుగారికి చెప్పకపోయినా ఫరవాలేదు, డాక్టరుగారికి చెప్పండి. తగ్గి ఇంటికి వచ్చాక సీసా ముట్టితే అదే నొప్పి తిరిగి రావచ్చు. రాళ్ళుంటే ఆపరేషను ఎప్పుడో ఆసుపత్రిలోనే అడిగి రండి.