ట్రక్కు బరువు సరే... హుక్కు మీద ఎంత?

కైకలూరు నుంచి ఆకివీడు దాకా ఓసారి బైకు మీద వెళ్లి చూడండి. ఎదురయ్యే ట్రాక్టర్లను లెక్కపెట్టడం కాసేపటికి మానేస్తారు. ఒకదాని ట్రక్కులో చేపల మేత బస్తాలు, ఇంకోదాంట్లో చెరువు మట్టి, మరోదాని వెనక మంచినీళ్ల ట్యాంకరు. "లోడెంతండీ?" అని ఏ డ్రైవర్ని అడిగినా టక్కున చెప్పేస్తాడు. "అందులో హుక్కు మీద పడేదెంతండీ?" అంటే మాత్రం మనల్ని ఎగాదిగా చూస్తాడు.

నాలుగు చక్రాల ట్రక్కుకి ఈ గొడవ పెద్దగా లేదు. బరువంతా దాని చక్రాలే మోసుకుంటాయి, ట్రాక్టరు లాగితే చాలు. చిక్కంతా రెండు చక్రాల ట్రక్కుతోనే. దానికి ఇరుసు ఒక్కటే కదా, అదొక తూగుడుబల్ల లాంటిది. లోడులో కొంత వాటా కచ్చితంగా హుక్కు మీద కూర్చుంటుంది.

లెక్క చేద్దాం. హుక్కు నుంచి ట్రక్కు ఇరుసుకి 12 అడుగుల దూరం అనుకోండి. 4 టన్నుల లోడు, దాని బరువు కేంద్రం ఇరుసుకి ఒక్క అడుగు ముందుంది. హుక్కు మీద పడేది అందులో పన్నెండో వంతు, అంటే సుమారు 333 కేజీలు. అదే లోడుని ఇంకో అడుగు ముందుకి సర్దితే? 667 కేజీలు! ఒక్క బస్తా కూడా ఎక్కువ వెయ్యలేదు, ఒక్క అడుగు జరిపామంతే. పోనీ వెనక్కి సర్దేద్దామా అంటే అదీ కుదరదు. బరువు కేంద్రం ఇరుసు దాటి వెనక్కి పోతే ట్రక్కు హుక్కుని పైకి లేపుతుంది. ట్రాక్టరు వెనక చక్రాలకి నేల మీద పట్టు తగ్గుతుంది. రోడ్డు మీద ట్రక్కు తోక ఊపడం మొదలవుతుంది.

ఇక ట్రాక్టరు సంగతి. హుక్కు వెనక చక్రాల ఇరుసుకి రెండడుగులు వెనక ఉందనుకుందాం, ముందు చక్రాలు ఆరడుగులు ముందు. హుక్కు మీద 667 కేజీలు పడితే ముందు చక్రాల మీద నుంచి దాదాపు 220 కేజీలు లేచిపోతాయి. రెండు టన్నుల ట్రాక్టరుకి ముందు చక్రాల మీద ఉండేదే ఏ 800 కేజీలో. స్టీరింగు పనిచేసేది ఆ బరువుతోనే! ఇదంతా చదును రోడ్డు మీద లెక్క. చెరువు గట్టు ర్యాంపు ఎక్కేటప్పుడు లాగుడు బలం కూడా ముందు భాగాన్ని పైకి లేపుతుంది.

కొల్లేరు లోపలి ఊళ్లో ఒక గట్టు దగ్గర ఈ తమాషా చూశాను. మట్టి లోడుతో ర్యాంపు ఎక్కుతుంటే ముందు చక్రాలు జానెడు లేచాయి. ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకెళ్లి ముందు బంపరు మీద కూర్చున్నారు. "ఏం అవ్వదు బాబూ, మాకలవాటే" అన్నాడు డ్రైవరు నవ్వుతూ. నాకైతే నవ్వు రాలేదు. ట్రాక్టరు వెనక్కి తిరగబడితే దూకేంత టైము డ్రైవరుకి ఉండదు, ఆ కుర్రాళ్లకీ ఉండదు. ముందు తగిలించే ఇనప దిమ్మలు షోరూముల్లో దొరుకుతాయి. మనుషుల్ని దిమ్మలుగా వాడక్కర్లేదు.

హుక్కు ఎత్తు కూడా ముఖ్యమే. లాగే చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే లాగుడు ట్రాక్టరుని అంతగా వెనక్కి విరుస్తుంది. ఎత్తు రెట్టింపైతే ఆ విరుపూ రెట్టింపే. అందుకే కంపెనీవాడు డ్రాబారుని కిందకి పెడతాడు. గొలుసు తెచ్చి ఇరుసుకో, టాప్ లింకుకో కట్టి లాగడం ప్రాణాలతో పందెమే.

ఇంకో గందరగోళం ప్రకటనల వల్ల. "లిఫ్టింగ్ కెపాసిటీ 1800 కేజీలు" అని చూసి, హుక్కు మీద కూడా అంత వెయ్యొచ్చనుకుంటారు మనవాళ్లు. అది నాగలి, రోటవేటర్ లాంటివి ఎత్తే హైడ్రాలిక్ చేతుల లెక్క. హుక్కు పరిమితి వేరు. అది ట్రాక్టరుతో ఇచ్చే చిన్న పుస్తకంలో ఉంటుంది (అదేనండీ, సీటు కింద కవరు కూడా విప్పకుండా పడి ఉంటుందే, అది). హుక్కు, ట్రాక్టరు, టైర్లు, ట్రక్కు... వీటిలో ఏది తక్కువ మొయ్యగలదో అదే మీ పరిమితి. పిన్ను విరిగితే దాని బదులు కాంక్రీటు ఊచ ముక్క దూర్చినవాళ్లకి ఆ ఊచే పరిమితి.

అమెరికాలో ఉన్న మన కుర్రాళ్లకి ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఇల్లు మారేటప్పుడు యూ-హాల్ ట్రెయిలరు అద్దెకి తీసుకుంటారుగా. 60 శాతం లోడు ముందు సగంలో పెట్టమనీ, 55 మైళ్ల వేగం దాటొద్దనీ ఆ కంపెనీయే చెప్తుంది. అక్కడ మామూలు లెక్క ఏంటంటే ట్రెయిలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలి. చిన్న కార్లకి వేసే క్లాస్ 1 హుక్కు లాగేది 2,000 పౌండ్లు, నెత్తిన మోసేది 200. చిన్న కారుకి పెద్ద క్లాస్ హుక్కు బిగించినంత మాత్రాన కారు సత్తా పెరగదు.

మనకి ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కాటాలకి కొదవా? ట్రక్కు తగిలించే ఉంచి, దాని చక్రాలు కాటా బయట ఉండేలా ట్రాక్టరుని మాత్రం ఎక్కించండి. బరువు రాసుకోండి. తర్వాత ట్రక్కు విప్పేసి ట్రాక్టరుని ఒక్కదాన్నే తూయించండి. రెండింటి తేడాయే హుక్కు మీద బరువు. పనిలో పనిగా మొత్తం లోడు కూడా చూసుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000.

నీళ్ల ట్యాంకరుకి మాత్రం కాటా లెక్క చాలదు. 5,000 లీటర్లంటే 5 టన్నులు. సగం నింపి తోలితే, బ్రేకు వేసినప్పుడు నీళ్లు ముందుకి తన్ని హుక్కు మీద పడతాయి, గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి పోయి హుక్కుని లేపుతాయి. కొత్తది చేయించేటప్పుడు లోపల అడ్డరేకులు పెట్టమని వెల్డింగు షాపులో ముందే చెప్పండి. బిగించేశాక ఎవరూ లోపలికి దూరి పెట్టరు.