వైఫై డబ్బా ఏ గోడకు?

ఊరికి వైఫై వచ్చిందంటున్నారు. ఏ గోడకొచ్చింది? నేనడిగేది అదే. తరంగానికి కులం లేదు, డబ్బా బిగించే చోటికుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ నాలుగు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 కొంచెం దూరం పోతుంది, అయినా పంచాయతీ ఆఫీసు నుంచి వాడ చివరి ఇంటిదాకా రాదు. ఆ ఇంట్లో పిల్లకు స్కాలర్‌షిప్ ఫారం తెరుచుకోదు.

1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు ముట్టింది ఎందుకో మనకు తెలుసు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణిలో చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వొచ్చు. అయితే మన వాడ కొట్టులోనే పెడదాం.

పెట్టాక జాగ్రత్తా మనదే. కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి. అప్‌డేట్లు వదలకండి. ఒకరి ఫోన్‌లోకి ఇంకొకరు తొంగిచూడకుండా క్లయింట్ ఐసోలేషన్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ మన పిల్లల చేతిలోనే ఉండాలి, దొర కొడుకు చేతిలో కాదు.

జై భీమ్.