లామినేషన్ చేయించిన కాగితం

ఆంధ్రప్రదేశ్ పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,

మా వెనక వాటాలో ఉండే అమ్మాయి ఒక కోర్టు కాగితాన్ని లామినేషన్ చేయించి బియ్యం డబ్బాలో దాచుకుంది. భర్త ఆమె జోలికి రాకూడదనీ, ఆమె పనిచేసే టైలరింగ్ షాపు ఛాయలకు కూడా పోకూడదనీ మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు అది. కోర్టుల్లో అందరూ డీవీసీ అంటారే, ఆ గృహహింస కేసులో వచ్చింది.

ఒక రాత్రి అతను తాగొచ్చి తలుపు బాదాడు. తెల్లారి ఆమెకు తోడుగా నేనూ స్టేషనుకు వెళ్లాను. రైటరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది సివిల్ మేటరమ్మా, లాయర్ని కలవండి" అని తిరిగిచ్చేశాడు. కసురుకోలేదు, కుర్చీ కూడా వేయించాడు. పాపం, ఆయనకు నిజంగానే తెలియదు.

2005 గృహహింస చట్టం కింద వచ్చే రక్షణ ఉత్తర్వు సివిల్ కాగితంలాగే కనిపిస్తుంది. దాన్ని మీరడం మాత్రం నేరం. 31వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 32వ సెక్షన్ దాన్ని కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరమంది. బాధితురాలి సాక్ష్యం ఒక్కదానితోనే కోర్టు నేరం తేల్చవచ్చనీ అంది. అర్ధరాత్రి తలుపు బాదుతుంటే ఆమె సాక్షుల్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇవన్నీ మొగుళ్లను వేధించే కేసులని అక్కడే బెంచీ మీద కూర్చున్న ఒకాయన గొణిగాడు. అది చూడాల్సింది మేజిస్ట్రేటు. చూశాకే కదా ఆయన ఈ కాగితం ఇచ్చింది!

అదే చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు నకలు ఆ ప్రాంతపు స్టేషను అధికారికీ చేరాలి. దాని సంగతి అడిగితే రైటరు బీరువా మీది తపాలా కట్ట చూపించాడు.

రౌడీషీటర్లకు రిజిస్టరు పెడతారు కదండీ, రక్షణ ఉత్తర్వులకూ ఒకటి పెట్టించండి. ఎవరి మీద ఇచ్చారు, ఆమె ఇల్లెక్కడ, అతను ఏం చేయకూడదు... ఆ పేజీ రాత్రి బీటు కానిస్టేబులుకూ, సచివాలయంలోని మహిళా పోలీసుకూ తెలిసుండాలి. ఉత్తర్వు మీరాడని వచ్చినామెను సివిల్ మేటరని తిప్పి పంపకుండా ఎఫ్ఐఆర్ కట్టమని ఒక సర్క్యులర్ ఇవ్వండి.

ఆ రోజు ఆటోలో తిరిగొస్తూ ఆ అమ్మాయి నన్నో మాట అడిగింది.

"ప్లాస్టిక్ వేయించినందుకు చెల్లదన్నారా అక్కా?"

ఇట్లు,
ఆమె పొరుగింటి మనిషి