అమ్మమ్మ బొంతకు ఇక్కడా చోటుంది

అమెరికాలో పురిటికి సాయం వచ్చిన అమ్మమ్మకో, నాయనమ్మకో మొదటి వారంలోనే ఇక్కడి పిల్లల డాక్టరుతో ఓ పేచీ వస్తుంది. పాత నూలు చీరలు పొరలుగా పేర్చి, నెల రోజులు కూర్చుని చేత్తో కుట్టి తెచ్చిన బొంతను ఆమె క్రిబ్‌లో పరుస్తుంది. క్రిబ్‌లో బిడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదని ఆసుపత్రిలో చెప్పి పంపారని కూతురో, కోడలో గుర్తు చేస్తుంది. బొంత క్లోజెట్‌లోకి పోతుంది. పెద్దావిడ పైకి ఏమీ అనదు. ఆ తర్వాత తిరుగు ప్రయాణం దాకా ఆమె సూది పట్టదు.

ఈ పేచీలో డాక్టరు మాటే నెగ్గాలి. అందులో బేరం లేదు. అలాగని అమ్మమ్మ ఓడిపోనక్కర్లేదు. పసిపిల్లలకు ఇంట్లో కుట్టే అలవాటును మనం ఇక్కడ మొత్తంగా వదిలేస్తున్నాం. ఆ పనిని నిలుపుకుని, కుట్టినదాన్ని ఎక్కడ, ఏ వయసులో వాడాలో మార్చుకుంటే చాలునన్నది నా అభిప్రాయం.

ముందు డాక్టరు మాట ఎందుకు వినాలో చూద్దాం. అమెరికాలో ఏటా సుమారు 3,500 మంది పసిపిల్లలు నిద్రలో చనిపోతున్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1992లో పిల్లల్ని బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994లో ‘బ్యాక్ టు స్లీప్’ ప్రచారం మొదలైంది. తర్వాతి పదేళ్లలో కారణం తెలియని ఆకస్మిక శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. 2022లో అకాడమీ తన సూచనల్ని మళ్లీ సవరించింది. ఏడాది నిండేదాకా గట్టిగా, చదునుగా ఉండే పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దుప్పటి, దిండు, మెత్తని బొమ్మలు పక్కన పెట్టకూడదు. క్రిబ్ చుట్టూ కట్టే మెత్తల అమ్మకాన్ని అదే ఏడాది చట్టం చేసి నిషేధించారు. వాటిని ఇంట్లో కూడా కుట్టవద్దు. బట్ట ముఖం మీద పడితే తీసేసుకునే శక్తి నెలల పిల్లకు ఉండదు. ఒళ్లు అతిగా వేడెక్కడం ఇంకో ప్రమాదం.

“మిమ్మల్నందర్నీ ఇలాగే పెంచాం కదా” అని పెద్దవాళ్లు అంటారు. ఆ మాటను కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి. అక్కడ పాప పక్కనే అమ్మ, ఆ పక్కనే అమ్మమ్మ పడుకునేవారు. ఇక్కడ తలుపు దగ్గరగా వేసిన గదిలో, ఏసీ గాలిలో, కెమెరా కాపలాతో బిడ్డ ఒక్కతే పడుకుంటుంది. పైగా ఆ రోజుల్లోనూ నష్టపోయిన ఇళ్లున్నాయి, వాళ్లు చెప్పుకోలేదు. ఇంత విడమరిచి చెబితే ఏ తల్లీ నొచ్చుకోదు. చెప్పకుండా బొంతను మడిచి లోపల పెట్టేస్తేనే నొచ్చుకుంటుంది.

మరి బొంత ఎక్కడికి పోవాలి? మొదటి ఏడాది దాని చోటు నేల. మెలకువగా ఉన్న పాపను బోర్లా ఆడించమని డాక్టర్లే చెబుతారు. కార్పెట్ మీద పరిచిన బొంత దానికి చక్కగా సరిపోతుంది, మనం పక్కన కూర్చుంటే చాలు. పాలిచ్చేటప్పుడు తల్లి ఒళ్లో వేసుకోవచ్చు. ఏడాది నిండాక డాక్టర్ని అడిగి పక్కలోకి తేవచ్చు. డేకేర్‌లో మధ్యాహ్నం నిద్రకు ఇంటి నుంచి దుప్పటి తెమ్మన్నప్పుడు దుకాణంలో కొన్న కార్టూన్ దుప్పటికి బదులు అమ్మమ్మ చీర వెళ్లవచ్చు. ఇల్లు వదిలి కొత్త చోట పడుకునే రెండేళ్ల పిల్లకు తెలిసిన వాసన, తెలిసిన మెత్తదనం ఎంత ధైర్యమో పిల్లల్ని పెంచినవాళ్లకు చెప్పాలా!

కుట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. మంగళగిరి, వెంకటగిరి లాంటి నూలు చీరలు బాగా ఉతికి ఉతికి మెత్తబడినవి తీసుకోండి. జార్జెట్, పాలియెస్టర్ వద్దు. జరీ అంచు కత్తిరించేయండి, పిల్లల చర్మానికి గీసుకుంటుంది. రెండు చీరల్ని పొరలుగా మడిచి, రెండేసి వేళ్ల ఎడంతో పరుగు కుట్టు వేస్తే చాలు. అద్దాలు, పూసలు, కుచ్చులు పెట్టకండి, ఊడితే నోట్లోకే పోతాయి. దారం కొసలు వేలాడనివ్వకండి. వదులు దారం పసి వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. అందుకే కాళ్ల తొడుగులు, జుబ్బాల కుట్టు కొసలు లోపలివైపు చూసి మరీ కత్తిరించాలి.

జుబ్బాకు మెడ దగ్గర నాడాలు కట్టడం మన అలవాటు. పిల్లల కోట్లు, స్వెట్‌షర్టులకు మెడ దగ్గర లాగే తాళ్లు వద్దని ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 1996లోనే మార్గదర్శకాలిచ్చింది. జుబ్బా విషయంలోనూ ఆ జాగ్రత్త మంచిది. భుజం మీద ఒకదానిపై ఒకటి మడత పడేలా మెడ కుడితే నాడాలే అక్కర్లేదు. రాత్రి బట్టలకు మరో నియమం ఉంది. 9 నెలల సైజు దాటిన రాత్రి దుస్తులు నిప్పుకు సులువుగా అంటుకోని గుడ్డతోనైనా ఉండాలి, లేదా ఒంటికి అతుక్కున్నట్టు బిగుతుగానైనా ఉండాలి. ఈ నియమం దుకాణాల్లో అమ్మే బట్టలకే గానీ, వెనకున్న కారణం మనింటికీ వర్తిస్తుంది. వదులు నూలు గౌను పగటికి ఉంచుకోండి.

“అయిదు జతలు ఇరవై డాలర్లకు వస్తుంటే ఈ తంటా ఎందుకు?” అని మిత్రులు అడుగుతారు. నిజమే, కొత్త గుడ్డ కొని కుడితే డబ్బు మిగలదు. మంచి నూలు గుడ్డ గజం పది డాలర్ల అటూ ఇటూగా ఉంటోంది. 2025లో జోఆన్ దుకాణాలన్నీ మూతపడ్డాక గుడ్డను చేత్తో తడిమి చూసి కొనే చోట్లు కూడా తగ్గాయి. పొదుపు కోసం కుట్టమని నేను చెప్పను. మన ఇళ్లకు వచ్చే పెద్దవాళ్ల కోసం కుట్టమంటాను. కొడుకు, కోడలు మీటింగుల్లో, పెద్దపిల్లలు బడిలో ఉంటే, కారు నడపరాని ఆ తల్లి పగలంతా కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ ఉంటుంది. అరవై ఏళ్లుగా చేతులకు పని ఉన్న మనిషికి టీవీ రిమోట్ ఇచ్చి “రెస్ట్ తీసుకో అమ్మా” అంటాం. ఆమెకు కావలసింది ఈ ఇంట్లో తన అవసరం ఉందన్న భరోసా.

వంద, రెండు వందల డాలర్ల మధ్య మామూలు కుట్టు మిషన్ దొరుకుతుంది. ఊరి నుంచి తెచ్చుకోవద్దు, అక్కడి మోటారు 230 వోల్టులది, ఇక్కడి కరెంటు 120. కొనడం ఇష్టం లేకపోతే మీ పబ్లిక్ లైబ్రరీలో అడగండి. చాలా లైబ్రరీల మేకర్‌స్పేస్‌లలో మిషన్లు ఉన్నాయి. అమ్మ పక్కన మీరూ కూర్చోండి. మగవాళ్లకూ ఈ మాట చెబుతున్నాను. మన ఊళ్లలో బజారు వీధిన మిషన్ తొక్కే దర్జీలు ఎక్కువగా మగవాళ్లే కదా. నేను నలభై దాటాక మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కోడ్‌లో తప్పు వెతకడం ఉద్యోగంగా ఉన్నవాడికి బాబిన్‌లో చిక్కుపడ్డ దారం కొత్త సంగతేమీ కాదు. ఆ గంటల్లో అమ్మ చెప్పిన చుట్టాల సంగతులు వారం వారం చేసే వీడియో కాల్స్‌లో ఎప్పుడూ వినలేదు.

మన సంఘాలూ ఓ అడుగు వేయవచ్చు. బతుకమ్మకు, సంక్రాంతికి హాలు తీసుకుంటాం, ముగ్గుల పోటీ పెడతాం. ఒక మూల నాలుగు బల్లలు, సూదీదారం పెట్టి పెద్దవాళ్లను కూర్చోబెడితే, పదేళ్లు దాటిన పిల్లలు గంటలో పరుగు కుట్టు నేర్చుకుంటారు. అక్కడ కుట్టినవి మన ఇళ్లకే పరిమితం కానక్కర్లేదు. కొలరాడోలో 1995లో మొదలైన ‘ప్రాజెక్ట్ లైనస్’ అనే సంస్థ జబ్బు చేసిన, కష్టంలో ఉన్న పిల్లలకు చేత్తో చేసిన దుప్పట్లు అందిస్తోంది. వాళ్లు కొత్త గుడ్డతో చేసి, ఉతకడానికి వీలుండేవే తీసుకుంటారు. కాబట్టి పాత చీరలు మన పిల్లలకు, కొత్త గుడ్డ వాళ్లకు. ఊళ్లో నలుగురి పిల్లలకూ కుట్టిపెట్టిన చేతులకు ఇది పరాయి పని అనిపించదు.

‘అతుకుల బొంత’ అన్న మాటను మనం వెక్కిరింపుగా వాడతాం. ఇక్కడి మ్యూజియంలు అలాంటి అతుకుల బొంతల్నే గోడలకు వేలాడదీసి చూపిస్తున్నాయి. మన బొంతకు అంత గౌరవం అక్కర్లేదు. క్లోజెట్‌లో ఉన్నదాన్ని ఈ శనివారం బయటికి తీసి, ఉతికి, నేల మీద పరిచి పాపను దాని మీద ఆడనివ్వండి. కుట్టిన మనిషి ఇంట్లోనే ఉంటే ఆమెనూ పక్కన కూర్చోమనండి.