తాళంచెవుల లెక్క

పూర్వం వ్యాపారస్తుడికి మాటే పరపతి. తరువాత చిట్టా ఆవర్జాలు వచ్చాయి. ఆ తరువాత ఆడిటరుగారి సంతకం వచ్చింది. ఇప్పుడు వీటన్నిటికీ తోడు మరొక కాగితం కావలసివస్తోంది: “మా కంప్యూటర్లలో మీ వివరాలు భద్రంగా ఉంటాయి” అనే ధ్రువపత్రం. అది లేకపోతే పెద్ద కంపెనీ చిన్న కంపెనీ గుమ్మం తొక్కదు.

అంబర్‌పేట్‌లో మా యింటికి నాలుగు వీధుల అవతల మా మేనల్లుడు కాపురముంటున్నాడు. వాడికి నాచారంలో చిన్న సంస్థ ఉంది. ఇతర కంపెనీల జీతాల లెక్కలు చూసిపెట్టడం పని. పద్దెనిమిది మంది ఉద్యోగులు. పోయిన యేడు ఒక పెద్ద బేరం కుదిరేటట్టే కుదిరి ఈ కాగితం దగ్గర ఆగింది. బేరం తప్పితే ఐదారుగురిని పనిలోంచి తీసెయ్యాలి. అంచేత, ధ్రువపత్రానికి సిద్ధంచేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఏడాది చందా కట్టి తెచ్చుకున్నాడు.

దాని కథ యేమిటంటే, ఐ.ఎస్.ఓ. 27001 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 2022లో సవరించిన ప్రతిలో పాటించదగిన జాగ్రత్తలు 93 చెప్పారు. లెక్కల్లోకి వెళ్ళే అధికారం ఎవరెవరికుంది, పాస్‌వర్డుతో పాటు ఫోనుకొచ్చే అంకె కూడా అడుగుతున్నారా, దస్త్రాల నకళ్ళు వేరే చోట దాచారా, ఇలాంటివన్నమాట. ఈ సాఫ్ట్‌వేరు కొన్నిటిని తనే చూసుకుంటుంది. మిగిలినవాటికి రుజువులు అడుగుతుంది. సరిగా ఉంటే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర గుర్తు. అంతేగాని ధ్రువపత్రం అది ఇవ్వదు. బయటివాళ్ళు వచ్చి తనిఖీ చేసి ఇవ్వాలి.

మొదటి వారం మావాడి సంబరం చెప్పనలవి కాదు. “మామయ్యా, రూల్సు మనం రాసుకోనక్కరలేదు. అన్నీ తయారుగా ఉన్నాయి. కంపెనీ పేరు నింపితే చాలు” అన్నాడు. పద్దెనిమిది మందీ “చదివాను, అర్థమైంది” అన్న చోట నొక్కారు. సాయంత్రానికి తెరంతా వరిచేనులా పచ్చబడింది. ఆ రూల్సులో ఒకటి, గేటు దగ్గర కాపలావాడు వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవాలంటోంది. మావాడి ఆఫీసుకి గేటూ లేదు, కాపలావాడూ లేడు! ఒక్కరూ ఆ సంగతి పట్టుకోలేదు.

ఇరవైయేళ్ళుగా హాజరు పిలుస్తున్న నాకు ఇందులో వింత కనిపించలేదు. “ప్రెజెంట్ సార్” అని వినబడినంతమాత్రాన కుర్రాడు క్లాసులో ఉన్నాడని నమ్మకం ఏమిటి?

తనిఖీకి పదిరోజులుందనగా లెక్కలు చూసే అమ్మాయి మెల్లగా ఒక మాట చెప్పిందిట. “సార్, జీతాల పద్దులకి మీ ఒక్కరి పేరే ఉంది. పచ్చ టిక్కు కూడా పడింది. కాని మీ పాస్‌వర్డుతో మేం నలుగురం లోపలికి వెళుతున్నాం. దసరాకి మానేసి వెళ్ళిన అతనికి కూడా అది తెలుసు.”

చూశారా! యంత్రానికి కనిపించింది ఒకటే పేరు. వెనకనున్న ఐదుగురి సంగతి దానికి తెలిసే దారి లేదు. మావాడు దిగాలుపడ్డాడు. “పచ్చగా ఉన్నదాన్ని చేజేతులా ఎర్ర చేసుకుంటామా మామయ్యా? బేరం పోతే?” అన్నాడు.

అప్పుడు వాడికి మన హైదరాబాదులోనే జరిగిన సంగతి చెప్పాను. 2022 జనవరిలో ఎ.పి. మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలో దొంగలు దూరి, సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు వందలాది ఖాతాలకు తరలించారు. పోలీసులు చెప్పిన ప్రకారం, 2021 నవంబరులో ఉద్యోగులకు రెండువందలకు పైగా దొంగ ఈమెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. దొంగకి ఆ సందు చాలింది. పెత్తనమంతా చేతిలో ఉన్న ‘సూపర్ యూజర్లు’ పదిమంది. వాళ్ళలో కొందరికి ఒకే పాస్‌వర్డు! పట్టణ సహకార బ్యాంకులు తీసుకోవలసిన జాగ్రత్తలు రిజర్వు బ్యాంకు 2018లోనే రాసి పంపింది. కాగితం మీద రూల్సుకి కొదవ లేదు. 2023లో ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగితే లాభమేముంది?

మావాడు ఆ రాత్రే పాస్‌వర్డు మార్చాడు. ఎవరి ప్రవేశం వారికి విడివిడిగా ఇచ్చాడు. కొత్త కంపెనీవారికి ఉన్నది ఉన్నట్టు రాసి నెల గడువు అడిగాడు. వాళ్ళు ఇచ్చారు. ఆ అమ్మాయికి జీతం పెంచాడని తరువాత తెలిసింది.

సాఫ్ట్‌వేరు దండగ అని నేననను. ‘తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?’ అని అది అడగకపోతే, ఆ అమ్మాయి నోరు విప్పే సందర్భమే రాకపోను. ప్రశ్న అడగడం యంత్రం పని. నిజం చెప్పడం మనిషి పని. చెప్పినవాణ్ణి కసరకుండా వినడం యజమాని పని. ఈ మూడోదానికి ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు అమ్మడంలేదు.

అన్నట్టు, మీ బ్యాంకు ఖాతా పాస్‌వర్డు మీ యింట్లో ఎందరికి తెలుసు? ఈ ఆదివారం భోజనాల దగ్గర ఒకసారి లెక్క తీయండి.