తాళమును సర్వలిపులతోను పరీక్షింపవలెను

నేడు విద్యార్థులకుగాని, తలిదండ్రులకుగాని, ఉపాధ్యాయులకుగాని సంకేతపదము, అనగా పాస్‌వర్డు, లేనిదే కంప్యూటరుతో పని జరుగుట అరిది. ఆ పదమును భద్రపఱచువారు దానిని ఉన్నదున్నట్లు వ్రాసి యుంచుకొనరాదు. తిరుగలిలో విసరిన పిండిని మరల గింజలుగా చేయజాలము గదా! అట్లే సంకేతపదమును నలిపి, వెనుకకు మరల్ప వీలులేని వరుసగా మార్చి, ఆ వరుసనే దాచవలెను. దీనికే హ్యాషింగు అని పేరు. ఇందులకై 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియేర్ అను వారు ప్రకటించిన బీక్రిప్ట్ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

పద్ధతి మంచిదే. కాని దాని ననుసరించి, సోలార్ డిజైనర్ అను పేర ప్రసిద్ధుడైన నిపుణుడు వ్రాసిన క్రిప్ట్ బ్లోఫిష్ అను ప్రోగ్రాములో నొక లోపము చిరకాలము దాగియుండి 2011లో బయల్పడెను. పీహెచ్‌పీ అను కంప్యూటరు భాషయు ఆ ప్రోగ్రామునే గ్రహించి యుండెను.

కంప్యూటరు అక్షరములను బైట్లుగా, అనగా 0 మొదలు 255 వఱకు గల సంఖ్యలుగా నెంచును. ఇంగ్లీషు అక్షరము లన్నియు 128కి లోబడినవి. యూటీఎఫ్-8 అను లేఖన విధానమున తెలుగు అక్షరమునకును, గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు. అవి యన్నియు 128 మొదలు పైవే. ఆ ప్రోగ్రాము నాలుగేసి బైట్లను ఒక కట్టగా కూర్చునప్పుడు ఇట్టి పెద్ద సంఖ్యలను ఋణసంఖ్యలుగా భ్రమించెను. అందుచే కట్టలో వానికి ముందున్న బైట్లు తుడిచిపెట్టుకొని పోయెను.

ఫలిత మెట్టిదో లెక్కకట్టి చూడుడు. "కమలము" అని వేసిన తాళము "గరళము" అన్నను తెఱచుకొనును! "నగరము" అన్నను అంతే, "మరణము" అన్నను అంతే. అన్ని పదములకును ఇట్లు జరుగదు. పదము పొడవునుబట్టి కొన్నింటికే యీ గతి. ఇంగ్లీషు అక్షరములతోనే వ్రాసికొనినవారికి మాత్రము ఏ హానియు లేదు. ప్రోగ్రాముతో గూడిన పరీక్షలలో ఇతర లిపుల బైట్లు లేకపోవుటచేతనే లోప మంతకాలము కానరాలేదు.

సంకేతపదమును ఇంగ్లీషులోనే వ్రాసికొనిన చాలదా యని కొందఱందురు. ఈ మాట నాకు సమ్మతము గాదు. తాళము చేసినవాని లోపమునకు ఇంటి యజమాని తన భాషను మానుకొనుట న్యాయమా? ఒక్క పాఠమునుండియే ప్రశ్నలిచ్చి, తరగతికి పుస్తకమంతయు వచ్చినదని తలంచు ఉపాధ్యాయుడు మోసపోవును. పరీక్షింపని దానిని సరియైనదని నమ్ముట జ్ఞానము గాదు.

అయినను ఆ ప్రోగ్రాము కర్తను మెచ్చుకొనవలసిన విషయ మొకటి కలదు. ఆయన లోపమును దాచక లోకమునకు ప్రకటించెను. 2011 జూన్ నెలలో దిద్దిన ప్రతిని వెలువరించెను. తప్పుగా నేర్పడిన పాత హ్యాషులను గుర్తించుటకు 2ఎక్స్ అనియు, సరియైన వానికి 2వై అనియు వేర్వేఱు గుర్తులు పెట్టెను. దోషమును కప్పిపుచ్చక ఒప్పుకొనుమని మనము ప్రార్థనామందిరమున వినుచుండు బోధ యంత్రశిల్పులకును వర్తించును.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ప్రోగ్రాములు వ్రాయుదురు. మీరు చేసిన దానిని ఇంగ్లీషు అక్షరములతో మాత్రమే పరీక్షించి తృప్తి చెందకుడు. మీ తల్లి పేరును తెలుగున వ్రాసి చూడుడు. పొరుగువారి ఉర్దూ, తమిళ లిపులతోను వ్రాసి చూడుడు. తప్పు కనబడిన యెడల దిద్ది, నలుగురికి తెలుపుడు. మీ తాళమును నమ్మి నిశ్చింతగా నిద్రించువా రెందఱో యుందురు.